టూరిస్టు వీసా మీద మెడికల్ మిషన్‌కి వెళ్ళమంటున్నారు, ఏం చెయ్యను?

ఉత్తరం రాసినావిడ వయసు 26. నాలుగేళ్ళుగా ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. వాళ్ళ సంఘం నుంచి 12 మంది మూడు వారాలకు ఉగాండా వెళ్తున్నారు. జింజా దగ్గర ఒక ఊళ్ళో ఐదు రోజుల మెడికల్ క్యాంపు, తర్వాత నాలుగు రోజులు పిల్లల హోమ్‌లో సేవ, మిగతా రోజులు సువార్త సభలు. వస్తానన్న డాక్టరుగారు నెల క్రితం మానుకున్నారు. ఇప్పుడు టీములో వైద్యం తెలిసినవాళ్ళు ఇద్దరే: ఈవిడా, ఒక ఫార్మసిస్టూ. "మందులు నువ్వే ఇచ్చెయ్యమ్మా, అక్కడ ఎవరూ అడగరు" అన్నారట టీమ్ లీడరు. వీసా ఫారంలో పర్యటన అని రాయమన్నారు, క్యాంపు మాట ఎత్తొద్దన్నారు. తన వంతు ఖర్చులో మూడింట రెండు వంతులు విశ్వాసులు ఇచ్చారు, మిగతాది అప్పు చెయ్యాలి. ఆస్పత్రిలో రెండు వారాలకు మించి సెలవు దొరకదు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. ప్రయాణానికి ఇంకా పది వారాలుంది, టికెట్టు కొనలేదు. ఉత్తరం చివర ఇలా ఉంది: "పన్నెండేళ్ళ వయసు నుంచీ ఆఫ్రికాలో సేవ చెయ్యాలనే భారం నాకు ఉంది. ఇప్పుడు మానుకుంటే దేవుని పిలుపుకి అడ్డం తిరిగినట్టేనా? డబ్బిచ్చినవాళ్ళకి ముఖం ఎలా చూపించను?"

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. మీకు పిలుపు ఉందా అన్నది ఒకటి. అది మీకూ దేవుడికీ మధ్య సంగతి, ఉత్తరం చదివి నేను తేల్చేది కాదు. ఈ టీముతో, ఈ తేదీల్లో, ఈ పద్ధతిలో వెళ్ళాలా అన్నది రెండోది. దీన్ని మామూలు ఇంగితంతో, కాగితాలు ముందు పెట్టుకుని చూడొచ్చు. ఈ రెండూ కలిసిపోయినప్పుడు వీసా గురించి అడిగినా విశ్వాసం తక్కువైనట్టు కనిపిస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చేముందు మీరు పేరు, మోతాదు, గడువు తేదీ చూస్తారు. రాసిన డాక్టరు మీద నమ్మకం లేక చూడరు కదా. ఇదీ అంతే.

వీసా కంటే ముందు మీ లైసెన్సు సంగతి చూడాలి. ఉగాండాలో నర్సుగా పనిచెయ్యాలంటే అక్కడి నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్ అనుమతి కావాలి. బయటినుంచి కొద్దిరోజులకు వచ్చేవాళ్ళయినా తాత్కాలిక అనుమతి తీసుకోవాల్సిందే. మామూలుగా ఇలాంటి దరఖాస్తుకి మీ నర్సింగ్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు నకలు, మిమ్మల్ని పిలుస్తున్న వైద్య సంస్థ ఉత్తరం కావాలి. వీటితోపాటు మీ మీద ఏ ఫిర్యాదూ లేదని ఇక్కడి మీ నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్టు కూడా. అన్నిటికంటే ఆలస్యమయ్యేది ఈ చివరిదే. మిగతావన్నీ సిద్ధం చేసుకుని దీనికోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళే ఎక్కువ. పది వారాలంటే బొటాబొటీ. వెళ్ళాలని తేలితే ఆ రోజే దరఖాస్తు పెట్టండి.

"ఎవరూ అడగరు" అన్నది సగం నిజం. ఏదైనా జరిగేదాకా ఎవరూ అడగరు. వైద్యం చదవని ఒక అమెరికన్ యువతి మీరు వెళ్ళబోయే ఆ జింజాలోనే, పోషకాహారం అందని పిల్లల కోసం కేంద్రం నడిపింది. అక్కడ పిల్లలు చనిపోయారు. 2019లో తల్లులు కోర్టుకెక్కారు, 2020లో రాజీ కుదిరింది. ఆవిడ కూడా సేవాభారంతోనే వెళ్ళింది. ఆ చుట్టుపక్కల క్యాంపు పెట్టే విదేశీయుల్ని జనం ఈ జ్ఞాపకంతోనే చూస్తారని మీ లీడరుగారికి తెలుసో లేదో అడగండి.

క్యాంపు రోజు ఎలా ఉంటుందో ఒక్కసారి లెక్కేసుకోండి. రోజుకి 200 మంది వచ్చారనుకుందాం. చూసేవాళ్ళు ఇద్దరు, ఎనిమిది గంటల పని. మనిషికి ఐదు నిమిషాలు కూడా రావు. జింజా ప్రాంతంలో మాట్లాడేది లుసోగా. రోగి చెప్పింది ఇంగ్లీషులోకీ, మీరు చెప్పింది లుసోగాలోకీ మారేసరికి ఆ ఐదులో సగం అయిపోతుంది. మిగిలిన రెండు నిమిషాల్లో జ్వరంతో ఉన్న రెండేళ్ళ పిల్ల మీ ముందు ఉంది. మలేరియా కిట్‌లో రెండు గీతలొచ్చాయి. మందు బరువుని బట్టి ఇవ్వాలి, తూకం యంత్రం అవతలి బల్ల దగ్గర ఉంది. పిల్ల ఏది తాగినా కక్కేస్తోంది, మత్తుగా ఉంది. ఇక ఇది మాత్రలు చేతిలో పెట్టి పంపే కేసు కాదు, వెంటనే పెద్ద ఆస్పత్రికి చేర్చాలి. ఏ బండిలో? ఎవరు తోడెళ్తారు? అక్కడ చేర్చుకుంటామని ఎవరు మాటిచ్చారు? మీ వార్డులో ఇలాంటి నిర్ణయం డాక్టరు తీసుకుంటారు, మీరు అమలు చేస్తారు. అక్కడ రెండూ మీ నెత్తినే పడతాయి. చేతకాక కాదు, నాలుగేళ్ళుగా మీరు చేస్తున్న పని ఇది కాదు కాబట్టి చెబుతున్నాను.

నెమ్మదిగా, చప్పుడు లేకుండా జరిగే నష్టం ఇంకొకటుంది: బీపీ మందులు. క్యాంపుల్లో తరచుగా దొరికే జబ్బు ఇది. చాలాసార్లు కొలతలోనే తప్పుతుంది. ఎండలో నడిచొచ్చిన మనిషిని ఐదు నిమిషాలైనా కూర్చోబెట్టకుండా, లావు చేతికి మామూలు కఫ్ కట్టి, చొక్కా మీదనుంచే ఒక్కసారి చూసి రాసేస్తారు. కఫ్ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు వారాల మాత్రలిచ్చి పంపుతారు. మూడో వారం మాత్రలుండవు, మీరూ ఉండరు. తనకి జబ్బుందని తెలిసీ మందు దొరకని మనిషి మాత్రం అక్కడే ఉంటాడు.

దీనికి మందు లేకపోలేదు. ఉగాండాలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు అంచెలవారీగా ఉంటాయి. మూడో స్థాయి కేంద్రాన్ని మామూలుగా క్లినికల్ ఆఫీసర్, అంటే డాక్టరు కాకపోయినా రోగుల్ని చూసి మందు రాసే శిక్షణ ఉన్నవారు, నడుపుతారు; నాలుగో స్థాయిలో డాక్టరు ఉంటారు. క్యాంపుని దగ్గర్లోని కేంద్రంతో ముడిపెట్టి, రోగుల్ని చూడ్డం, మందు రాయడం వాళ్ళకే వదిలేస్తే సగం చిక్కులు పోతాయి. మీరు బరువు, జ్వరం, బీపీ చూడొచ్చు, పుండ్లకి కట్టు కట్టొచ్చు, తల్లులకి ఓఆర్ఎస్ కలపడం చూపించొచ్చు. దీనిక్కూడా కౌన్సిల్ అనుమతి కావాలి, కానీ పిల్ల ప్రాణం మీ ఒక్కరి అంచనా మీద వేలాడదు. రాసిన చీటీ ఆ కేంద్రం రిజిస్టరులో ఎక్కుతుంది కాబట్టి మూడో వారం మాత్రలకి మనిషి ఎక్కడికెళ్ళాలో తెలుస్తుంది.

మందులు సూట్‌కేసుల్లో మోసుకెళ్ళే ఆలోచన ఉంటే మానిపించండి. అక్కడి నేషనల్ డ్రగ్ అథారిటీ అనుమతి లేకుండా తీసుకెళ్తే విమానాశ్రయంలోనే ఆగిపోవచ్చు. దానంగా ఇచ్చే మందులకి, చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒకరికిచ్చాక మిగిలిపోయినవీ, డాక్టర్లకి ఉచితంగా వచ్చే శాంపిళ్ళూ పనికిరావు. కంపాలాలో జాయింట్ మెడికల్ స్టోర్ ఉంది, క్యాథలిక్, ప్రొటెస్టెంట్ వైద్య సంస్థలు కలిసి 1979లో పెట్టుకున్నది. మందుల డబ్బు ఆ ఆరోగ్య కేంద్రం పేరన అక్కడ జమచేస్తే వాళ్ళు వాడే బ్రాండే, వాళ్ళకి తెలిసిన మోతాదులోనే వస్తుంది.

ఇక వీసా. టూరిస్టు వీసా మీద దిగి క్యాంపులో నర్సుగా పనిచేస్తే మీరు సంతకం పెట్టిన ఫారమే అబద్ధమవుతుంది. పట్టుబడితే వెనక్కి పంపుతారు. అది అక్కడితో పోదు. తర్వాత చాలా దేశాల వీసా ఫారాల్లో "ఎప్పుడైనా తిప్పి పంపారా" అన్న గడి ఒకటి ఉంటుంది. విదేశాల్లో పనిచేసే ఆలోచన ఉన్న నర్సుకి ఆ ఒక్క గడి చాలు. పైగా మీరు విమానమెక్కి వచ్చేస్తారు, సంజాయిషీలు మిమ్మల్ని పిలిచిన పాస్టరుగారు ఇచ్చుకోవాలి. సభలకీ, సేవకీ ఏ రకం అనుమతి సరిపోతుందో ఆహ్వానించే సంఘమే ఉగాండా ఇమిగ్రేషన్‌ని అడిగి, జవాబు కాగితం మీద తెప్పించాలి. అది వాళ్ళు మామూలుగా చేసే పనే. ఆ కాగితం అడిగినందుకు లీడరుగారు చిరాకుపడితే, ఆ చిరాకు కూడా మీకొక సమాచారమే.

పిల్లల హోమ్ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నేను ఇంకాస్త ఆగుతాను. ఇలాంటి హోముల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. బడి ఫీజు కట్టలేకో, తిండి పెట్టలేకో వదిలినవాళ్ళు. అతిథులూ విరాళాలూ వచ్చేకొద్దీ కొందరు నిర్వాహకులకి పిల్లల్ని ఇంటికి పంపకపోవడమే లాభమవుతుంది. ఇంటికి పంపితే చూపించడానికి పిల్లలుండరు మరి. అనాథాశ్రమాల్లో వాలంటీర్ల కార్యక్రమాల వల్ల జరిగే హానిని అరికట్టాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019 డిసెంబరులో తీర్మానంలోనే రాసింది. నాలుగు రోజులు ఎత్తుకుని, పాటలు నేర్పి, ఐదో రోజు ఏడుస్తూ చెయ్యూపి వచ్చేస్తారు. మీకది ఒక్కసారి. ఆ పిల్లకి ఆ ఏడాది అది ఎన్నోసారో! ఆ హోమ్‌కి రిజిస్ట్రేషన్ ఉందా, పిల్లల్ని కుటుంబాలకి తిరిగి చేర్చే ప్రయత్నం జరుగుతోందా, వచ్చేవాళ్ళ పూర్వాపరాలు వాళ్ళు కనుక్కుంటారా, ఫొటోల విషయంలో నియమం ఏమిటి అని అడగండి. మీ పూర్వాపరాలు ఏమీ అడగకుండా పిల్లల మధ్యకి పంపే చోటు మరెవర్నయినా అలాగే పంపుతుంది. జవాబులు సరిగ్గా లేకపోతే ఆ నాలుగు రోజులు ఆరోగ్య కేంద్రంలో గడపొచ్చని చెప్పండి.

సువార్త సభల గురించి ఒకే మాట. ఉగాండాకి మిషనరీలు 1877లో వెళ్ళారు, 1886లోనే నముగోంగోలో యువ విశ్వాసులు సజీవ దహనమయ్యారు. ఈనాడు ఆ దేశంలో నూటికి ఎనభైమందికి పైగా క్రైస్తవులే. చెప్పడానికి వెళ్తున్నామనుకుంటే వినాల్సింది ఎక్కువ ఉంటుంది. క్యాంపు వరుసలో టోకెన్ ఇచ్చేముందు ప్రార్థన చేయించే పద్ధతి మీ టీములో ఉంటే మాత్రం ఆపించండి. పిల్లకి మందు కావాల్సిన తల్లి ఆ నిమిషంలో వద్దనలేదు. మందులు చేతికొచ్చాక, పక్కన వేరే చోట, కావాలన్నవాళ్ళకి, వాళ్ళ పాస్టరుగారు వాళ్ళ భాషలో చేస్తే దాని విలువ దానికుంటుంది.

మీ ఒంటి సంగతి. ఎల్లో ఫీవర్ టీకా లేనిదే ఉగాండాలోకి రానివ్వరు. టీకా వేయించుకున్న పది రోజులకి గాని సర్టిఫికెట్టు చెల్లదు, ఒకసారి తీసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, బ్యాచ్ నంబరూ కేంద్రం ముద్రా పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా. అలాంటివి ఇంకేమైనా వేయించుకోవాలంటే అదే రోజు వేయించుకోవాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి. గుడ్డు పడనివాళ్ళు, గర్భిణులు ముందే డాక్టరుకి చెప్పాలి. మలేరియా మాత్రలు లెక్క తప్పేది తిరిగొచ్చాకే. అటొవాకోన్-ప్రోగ్వానిల్ అయితే ప్రయాణానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక ఏడు రోజులు వాడాలి: 21 రోజుల ప్రయాణానికి 30 మాత్రలు. డాక్సీసైక్లిన్ కూడా రెండు రోజుల ముందే మొదలుపెడితే, వచ్చాక నాలుగు వారాలు: 51 మాత్రలు. ఇంటికొచ్చాం కదా అని మానేస్తే జ్వరం రావచ్చు. డాక్సీ వేసుకుని వెంటనే పడుకుంటే గొంతులో మంట పుడుతుంది, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోండి. విక్టోరియా సరస్సులో, నైలు ఒడ్డున కాళ్ళు తడపాలనిపిస్తుంది, వద్దు. బిల్హార్జియా అనే జబ్బు తెచ్చే నీటి పురుగు చర్మంలోంచే లోపలికి దూరుతుంది.

నర్సు కాబట్టి ఇంకో రెండు. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నా యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, కనీసం 10 యూనిట్లున్నాయో లేదో చూసుకోండి. సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ నివారణ మందు ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, 72 గంటలు దాటితే వేసుకుని లాభం లేదు, కోర్సు 28 రోజులు. ఆ మందు దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో క్యాంపు మొదటి రోజు కాదు, బయలుదేరేముందే తెలిసుండాలి. ఉగాండాలో 2022లోనూ 2025లోనూ ఎబోలా వచ్చింది, 2025లో మొదట బయటపడింది ఒక నర్సుకే. బీమా పాలసీలో అంటువ్యాధులు, వైద్యపని చేస్తుండగా జరిగే ప్రమాదాలు, విమానంలో తరలింపు ఉన్నాయో లేదో మినహాయింపుల పేజీ చదివి చూడండి. బోడాబోడా అనే బైకు టాక్సీ మీద పడితే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. అక్కడ పాస్టరుగారు మిమ్మల్ని ఎక్కించేది దానిమీదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. లీడరుగారు చెప్పినట్టే వెళ్తే బహుశా ఏమీ జరక్కపోవచ్చు కూడా. జరిగితే మాత్రం మీ లైసెన్సు, తర్వాతి వీసాలు, ఒక రోగి, పిలిచిన సంఘం పరువు అన్నీ ఒకేసారి పందెంలో ఉంటాయి. వాటిలో మీవి కానివి రెండున్నాయి. ఈ దారి వైపు నా మనసు పోవడం లేదు.

పద్ధతి మార్పించి వెళ్ళడం రెండోది. స్థానిక కేంద్రంతో క్యాంపు, అనుమతి కాగితాలు, హోమ్ బదులు ఇంకో పని. అడిగేది మీరొక్కరే అయితే కష్టం, ఫార్మసిస్టుని కలుపుకుని ఇద్దరూ కలిసి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళండి. మీరిద్దరూ లేకపోతే క్యాంపే లేదు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. అనుమతి వేళకి రాకపోతే, పిలిచిన సంఘం తెప్పించిన కాగితంలో సేవా పనులు ఉంటేనే నర్సుగా కాక మామూలు సభ్యురాలిగా వెళ్ళి, వంటింట్లోనో పిల్లల పాటల్లోనో సాయపడొచ్చు. అప్పుడు మాత్రం ఎంత జాలేసినా స్టెతస్కోపు సంచీలోంచి తియ్యకూడదు. మీలాంటివాళ్ళకి అది చెప్పినంత తేలిక కాదు. సెలవు రెండు వారాలే కాబట్టి క్యాంపు వారానికి వెళ్ళి ముందే తిరిగొచ్చే టికెట్టు చూడొచ్చు. జీతం లేని సెలవు అడగొచ్చు, కానీ ఇస్తారో లేదో రాతలో తెలిసేదాకా టికెట్టు కట్టకండి.

ఈసారి మానుకుని, ఏడాదికో రెండేళ్ళకో మూడు నెలలకి తగ్గకుండా ఒక మిషన్ ఆస్పత్రిలో రిజిస్ట్రేషన్‌తో పనిచెయ్యడం మూడోది. నర్సుగా మీ చేతిలో ఉన్న విద్యకి ఇదే ఎక్కువ తగినదని నాకనిపిస్తుంది. మొదటి నెల మీరు నేర్చుకోవడానికే పోతుంది, అందుకే మూడు వారాలు చాలవు. ఇందులో నష్టమూ ఉంది: రెండేళ్ళలో పెళ్ళి, ఉద్యోగం, అమ్మానాన్నల ఆరోగ్యం ఏదైనా అడ్డురావచ్చు, అనుకున్నది అనుకున్నట్టు జరక్కపోవచ్చు. ఆ బెంగతోనే చాలామంది ఈ ఏడాది టీమ్‌లో ఎక్కేస్తారు.

డబ్బిచ్చినవాళ్ళ గురించి మీరనుకుంటున్నంత భయం అక్కర్లేదు. వాళ్ళిచ్చింది ఒక పనికి. పని మారితే చెప్పాలి, అంతే. ఒక్కొక్కరికీ నాలుగు వాక్యాలు రాయండి: ఎందుకు మానుకున్నారో లేదా ఏం మారిందో, వాళ్ళ డబ్బు ఎంత ఉందో, తిరిగి ఇమ్మంటారా, ఆ ఆరోగ్య కేంద్రం మందులకి పంపమంటారా, తర్వాతి ప్రయాణానికి ఉంచమంటారా అని. సంఘం ఖాతాలో ఉంటే కోశాధికారిని ముందే కలవండి, వెనక్కివ్వని నియమం ఉందేమో తెలుస్తుంది. అప్పు మాత్రం చెయ్యకండి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. ఇవ్వాలనుకున్నవాళ్ళు ఇచ్చినంతలో సరిపోని ప్రయాణానికి మీ జీతాన్ని రెండేళ్ళు తాకట్టు పెట్టడం ఎందుకు?

నాన్నగారి దగ్గర పిలుపు గురించి వాదించకండి, అది ఆయనకి కొలవడానికి వీల్లేని విషయం. ఒక కాగితం మీద ఎక్కడ ఉంటారు, అక్కడి బాధ్యుడి నంబరు, దగ్గరి పెద్ద ఆస్పత్రి ఎంత దూరం, మన ఎంబసీ నంబరు, బీమా నంబరు, ఏ రోజు ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారు అన్నవి రాసి చేతిలో పెట్టండి. ఆ కాగితం నింపుతుంటే ఎక్కడెక్కడ ఖాళీలు మిగిలాయో మీకే కనిపిస్తుంది. బహుశా ఆయన భయపడుతున్నది ఆ ఖాళీలకే.

ఈ రాత్రికి ఒక్క పని చెయ్యండి. జింజాలో మిమ్మల్ని పిలుస్తున్నవాళ్ళకి, లీడరుగారికి ఒక నకలు పెట్టి, ఇలా రాయండి: "క్యాంపు అయిపోయిన మరుసటి సోమవారం బీపీ మాత్రల కోసం వచ్చేవాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్తారు? ఆ కేంద్రం పేరు, నడిపేవారి పేరు చెప్పగలరా?" పేర్లతో జవాబొస్తే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్టుకి దరఖాస్తు పెట్టండి. పది రోజుల్లో రాకపోయినా, "అదంతా దేవుడు చూసుకుంటాడు" అని వచ్చినా, టికెట్టు డబ్బు అలాగే ఉంచి డబ్బిచ్చినవాళ్ళకి ఆ నాలుగు వాక్యాల ఉత్తరం రాయడం మొదలుపెట్టండి.